వెనక ట్యాంకు ఎందుకు, బాబాయ్?

రెండు ట్యాంకుల పాత పికప్ ట్రక్కులో పెట్రోలు కారుతోందని ఈ రోజుల్లో ఎవరితోనైనా అనండి, వచ్చే సలహా ఒకటే. కారే ట్యాంకు వాడటం మానెయ్యమంటారు. వెనక గొట్టం తుప్పు పట్టిందా, ముందు ట్యాంకుతో నడుపుకోండి. ముందుది పోయిందా, వెనకదానితో సరిపెట్టుకోండి. రెండూ పోయాయా, తుక్కు కింద అమ్మేసి కొత్తది కొనుక్కోండి. ఇదీ ఈ కాలపు మరమ్మతు. మా అన్న కొడుకూ అదే అన్నాడు. వాడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ కరెంటు పికప్ నడుపుతాడు. దాని బానెట్ ఎత్తితే లోపల ఇంజను ఉండదు, కూరగాయలు పెట్టుకునే చోటుంటుంది. "వెనక ట్యాంకు ఎందుకు బాబాయ్, ఒకటి చాలదా?" అన్నాడు. ఒరేయ్, ఇల్లు కురుస్తోందంటే ఆ గదికి గొళ్ళెం పెట్టేసుకోమని చెప్పే తాపీమేస్త్రీని నువ్వు పనిలో పెట్టుకుంటావా అన్నాను. "అది వేరు, ఇది వేరు" అని ఫోను తీసుకున్నాడు. ఎలా వేరో ఇంతవరకూ చెప్పలేదు.

నా ట్రక్కు 1991 మోడల్. కంపెనీ పేరు చెప్పను. డెట్రాయిట్ చుట్టుపక్కల మా తరం తెలుగు ఇంజనీర్లలో చాలామంది ఏదో ఒక కార్ల కంపెనీ పింఛను మీద బతుకుతున్నవాళ్ళే. పేరు చెబితే ఒకరికి కోపం, చెప్పకపోతే అందరికీ అనుమానం. అనుమానమే నయం. ఆరు సిలిండర్ల ఇంజను, చేత్తో మార్చే గేర్లు, ఎనిమిది అడుగుల బెడ్. ఒక ట్యాంకు క్యాబిన్ కింద నుంచి వెనక్కి, ఛాసిస్ పట్టీకి లోపలివైపు పొడుగ్గా పడుకుని ఉంటుంది. రెండోది వెనక ఇరుసు దాటాక, స్పేర్ టైరుకు చోటిచ్చి కూర్చుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న మీట, దాని మీద ఫ్రంట్, రియర్ అని రెండు మాటలు. అంతే. మెనూలు లేవు, పాస్‌వర్డు లేదు.

ఈ రెండో ట్యాంకు డాబుకి పెట్టింది కాదు. ఆనాటి పికప్పులు గ్యాలనుకు పన్నెండు మైళ్ళిస్తే మహా గొప్ప. వెనక ట్రెయిలరు తగిలిస్తే అదీ లేదు. పెద్ద పెద్ద పొలాలున్న రాష్ట్రాల్లో బంకు దాకా వెళ్ళి రావడానికే బోలెడు పెట్రోలు తాగేవి. పైగా 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు అమెరికా వాడికి బంకు ముందు క్యూ కట్టడం తెలిసివచ్చింది. నంబరు ప్లేటు చివర బేసి అంకె ఉంటే ఒక రోజు, సరి అంకె ఉంటే మర్నాడు అని పెట్రోలు పోశారు. నేను వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చెయ్యడానికి 1978లో వచ్చాను. మరుసటేడు ఇరాన్ విప్లవం తర్వాత కాలిఫోర్నియాలో మళ్ళీ అదే బేసి, సరి తంతు. టీవీలో ఆ క్యూలు చూస్తుంటే మన కిరసనాయిలు డిపో గుర్తొచ్చేది. అలాంటి రోజులు చూసిన రైతుకి, కాంట్రాక్టరుకి రెండు ట్యాంకులూ నిండుగా ఉన్నాయంటే నిద్ర పట్టేది. రెండూ కలిపితే 35 గ్యాలన్లకు పైనే, అంటే 130 లీటర్లు దాటుతుంది. దాన్ని పట్టుకుని ఒకటి చాలదా అంటాడు వీడు.

సరే, కారడం సంగతి. మా రోజుల్లో కారడాన్ని ముక్కు పట్టుకునేది. పొద్దున గరాజు తలుపు తియ్యగానే తెలిసిపోయేది. 1996 నుంచి వచ్చిన బళ్ళలో ట్యాంకు ఆవిరి బయటికి పోతోందా లేదా అని కంప్యూటరే చూసుకుంటుంది. మూత వదులుగా బిగించినా దీపం వెలుగుతుంది. మంచిదే, కాదనను. కానీ దానివల్ల జరిగిందేమిటంటే, దీపం వెలగలేదు కాబట్టి కారడం లేదనే కొత్త రకం మనుషులు పుట్టుకొచ్చారు. మా వాడు నా ట్రక్కు పక్కన నిలబడి, పెట్రోలు వాసన గుప్పుమంటుండగా, "లైటేమైనా వచ్చిందా బాబాయ్?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళు దాటిన బండిరా అది, దీపం ఎక్కడిది!

వాసన వచ్చాక చుక్క వెతకాలి. ఇక్కడ కూడా తొందర పనికిరాదు. చుక్క పడ్డ చోటే చిల్లు ఉంటుందనుకుంటే బోల్తాపడ్డట్టే. గొట్టం పైన ఎక్కడో చిల్లు పడుతుంది, పెట్రోలు ఛాసిస్ పట్టీ వెంబడి పాకి, అడ్డ పట్టీ పల్లంగా ఉన్న చోట బొట్టుగా రాలుతుంది. రెండు ట్యాంకుల బండికి ఒక సుఖముంది. నా బండిలాంటి వాటిలో ప్రతి ట్యాంకులోనూ దాని పంపు దానికుంటుంది. మీట ఎటు ఉంటే ఆ పంపే తిరుగుతుంది. మీట ఫ్రంట్‌లో పెట్టి ఇంజను నడిపితే కింద పరిచిన అట్టముక్క పొడిగానే ఉంది. రియర్‌కి తిప్పగానే తడిసింది. అంటే వెనక ట్యాంకు నుంచి రెండు దారులూ కలిసే చోటు దాకా ఉన్న గొట్టంలోనే ఎక్కడో తేడా. ఏ కంప్యూటరూ తగిలించకుండా, మీట ఒక్కసారి ఇటు నుంచి అటు తిప్పితే సగం బండిని అనుమానంలోంచి తప్పించాం.

వెనక్కి వచ్చే గొట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కాలం వాళ్ళకి అదొకటుందనే తెలియదు. పంపు ఇంజనుకి కావలసినదానికంటే ఎక్కువే తోస్తుంది. మిగిలింది ఇంకో గొట్టంలో తిరిగి ట్యాంకుకి వస్తుంది. ఏ ట్యాంకు నుంచి పోయిందో ఆ ట్యాంకుకే రావాలి, అందుకు లోపల కవాటాలుంటాయి. అవి అరిగితే వింత చూడొచ్చు. ముందు ట్యాంకు మీద నడుస్తుంటే వెనక ట్యాంకు ముల్లు పైకి లేస్తుంది. పెట్రోలు తనంతట తాను పెరుగుతోందని సంబరపడేవాళ్ళుంటారు. నిండిపోయాక మూత దగ్గర పొంగి కిందికి కారితే అప్పుడు తెలుస్తుంది సంబరం. ఇప్పటి బళ్ళలో చాలావాటికి తిరుగు గొట్టమే తీసేశారు. ట్యాంకు దగ్గరే ఒత్తిడి సరిచేసి, కావలసినంతే పంపుతారు. ఒక్క గొట్టం తగ్గింది, కారే చోట్లు తగ్గాయి. ఈ ఒక్క విషయంలో కొత్తవాళ్ళ తెలివి ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను, దాని దగ్గరకి వస్తాను.

అసలు దొంగ ఉప్పు. మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగునే, వెయ్యి అడుగులకు పైగా లోతున, 1910 నుంచి ఉప్పు గని ఉంది. పైన కార్లు చెయ్యడం, కింద వాటిని తినే ఉప్పు తవ్వడం, రెండూ ఒకే ఊళ్ళో. ఇంతకంటే నమ్మకమైన వ్యాపారం ఎక్కడుంటుంది! ఉక్కు గొట్టం బయటికి కనబడే చోట పైపైన తుప్పు పట్టినా చాలాకాలం ఓర్చుకుంటుంది. దాన్ని ఛాసిస్ పట్టీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల లోపల మాత్రం బురద, ఉప్పు చేరి ఏడాది పొడుగునా చెమ్మగా ఉంటుంది. గొట్టం అక్కడే కుళ్ళుతుంది. క్లిప్పు ఊడదీసేదాకా కనబడదు. వేలి గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా లేచొచ్చి, కింద సూది మొనంత చిల్లు, దాని చుట్టూ తడి. నా బండికి వెనక ఇరుసు పైన, చెయ్యి కూడా పట్టని సందులో, రెండు గొట్టాలూ ఒకే క్లిప్పు కింద అలాగే కుళ్ళి ఉన్నాయి.

అంతటితో అయిపోతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. ఆ చిల్లుకి కాస్త ముందు ఇంకొకరి చేతిపని కనబడింది. నా మోకాలి ఆపరేషను రోజుల్లో, నేను కాలు చాపుకుని పడుకుంటే, మా ఆవిడ దగ్గర్లోని ఓ షెడ్డుకి బండి పంపింది. వాళ్ళు కుళ్ళిన ముక్క కోసి, ఆ ఖాళీలో జానెడు రబ్బరు గొట్టం తొడిగి, రెండు వైపులా మరసుట్టు క్లాంపులు బిగించి, బిల్లు చేతిలో పెట్టారు. ఆ రబ్బరు గొట్టం తుడిచి చూస్తే దాని మీద 30ఆర్7 అని అచ్చు ఉంది. అది కార్బురేటరు రోజుల గొట్టం. కార్బురేటరుకి పెట్రోలు చదరపు అంగుళానికి ఐదారు పౌన్ల ఒత్తిడితో వెళ్తే చాలు. ఆ గొట్టం తట్టుకునేది 50 పౌన్లు. నా ఇంజనుకి ఇంజెక్టర్లు. గొట్టంలో ఎప్పుడూ 40 పౌన్లకు పైనే ఉంటుంది. దీనికి వెయ్యాల్సింది 30ఆర్9, అది 100 పౌన్లకి చేసినది. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ ఒకే లావు, రెండూ ఒకే కొట్లో పక్కపక్క చుట్టలుగా వేలాడుతుంటాయి. తేడా అంతా ఆ చిన్న అచ్చులో ఉంది. చదవడానికి అర నిమిషం పట్టదు. ఇప్పటి పెట్రోల్లో నూటికి పది పాళ్ళు ఇథనాల్ కూడానూ. పాత రకం రబ్బరు దానికి మెత్తబడి, లోపల పొరలు లేచి, ఫిల్టరు నిండా నల్లటి పొట్టు పోస్తుంది.

ఇక క్లాంపు. మరసుట్టు క్లాంపు పట్టీకి పొడుగునా గాట్లుంటాయి. గట్టిగా బిగిస్తే ఆ గాట్లు రబ్బరులోకి దిగి, తురిమినట్టు చేస్తాయి. ఇంజెక్షను బళ్ళకి వేరే క్లాంపులున్నాయి. పట్టీ నున్నగా ఉంటుంది, అంచులు పైకి మడిచి ఉంటాయి, ఒక చిన్న బోల్టుతో చుట్టూ సమంగా బిగుస్తుంది. ధరలో తేడా కాఫీ డబ్బులు కూడా ఉండదు. ఇంత చిన్న విషయం దగ్గర కక్కుర్తి పడే చెయ్యి, పెద్ద విషయం దగ్గర ఏం చేస్తుందో ఊహించుకోండి.

నాకు ఈ చాదస్తం ఎక్కడ అంటిందంటే విజయవాడ ఆటోనగర్‌లో. మా మేనమామకి అక్కడ లారీ షెడ్డు. సెలవులొస్తే నేను అక్కడే. డీజిలు గొట్టాలు రాగివి. లారీ అదురుకి రాగి రాను రాను బిరుసెక్కి, నట్టు దగ్గర చిట్లేది. మామయ్య దాన్ని ఊడదీసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచేవాడు. ఉక్కుకి అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డ గొట్టాన్ని మోకాలి మీద పెట్టి వంచి, కొస విప్పార్చి మళ్ళీ బిగించేవాడు. ఒక వైపు చిట్లితే రెండో వైపు కూడా విప్పి కాల్చాల్సిందే. "ఇవాళ ఇది పోయిందంటే రేపు అదీ పోతుందిరా, రెండూ ఒకనాడు వేసినవే కదా" అనేవాడు. లారీ డ్రైవరు లోడు టైమవుతోందని గోల పెట్టినా వినేవాడు కాదు.

మా రోజుల్లో అందరూ మామయ్యలే అని చెప్పడం లేదు. ట్యాంకు కారితే స్నానం సబ్బు మెత్తగా నలిపి అంటించి పంపేసేవాళ్ళూ అక్కడే ఉండేవాళ్ళు. పెట్రోలుకి సబ్బు కరగదు కాబట్టి ఊరు దాటేదాకా ఆగేది. తర్వాత ఎంసీల్ వచ్చాక సబ్బు బాధ తప్పింది. ట్యాంకులోంచి పెట్రోలు తియ్యాలంటే గొట్టం పెట్టి నోటితో పీల్చేవాళ్ళం. ఒక్కోసారి నోట్లోకి వచ్చేది, ఉమ్మేసి నవ్వుకునేవాళ్ళం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి బతకడం కష్టమని అప్పుడెవరూ చెప్పలేదు. ఇప్పుడు చేతిపంపు చవకగా దొరుకుతుంది, దానితోనే తియ్యండి.

అమెరికా వాళ్ళ పాతకాలమూ అంత బంగారం కాదు. జనరల్ మోటార్స్ 1973 నుంచి 1987 దాకా చేసిన పెద్ద పికప్పుల్లో ట్యాంకుల్ని ఛాసిస్ పట్టీకి బయటివైపు, గుర్రానికి జీను సంచుల్లా వేలాడదీశారు. రెండు ట్యాంకులు కావాలన్న వాళ్ళకి అటొకటి, ఇటొకటి. పక్క నుంచి ఇంకో బండి గుద్దితే ముందు దెబ్బ తగిలేది ట్యాంకుకే. దాని మీద కేసులు నడిచాయి. 1992 నవంబరులో ఎన్‌బీసీ టీవీ వాళ్ళు ఆ ప్రమాదం చూపిస్తామని ఒక ట్రక్కుని గుద్దించి మంటలు చూపించారు. తీరా చూస్తే మంట అంటుకునేలా కింద బొమ్మ రాకెట్లకి వాడే నిప్పు పరికరాలు పెట్టారని బయటపడి, 1993 ఫిబ్రవరిలో తెర మీదే క్షమాపణ చెప్పుకున్నారు. చివరికి 1994 డిసెంబరులో రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. బళ్ళు వెనక్కి పిలవక్కర్లేదు, భద్రతా కార్యక్రమాలకి 5 కోట్ల 10 లక్షల డాలర్లు ఇస్తే చాలన్నాడు. టీవీ వాళ్ళ అతి వల్ల అసలు ప్రశ్న పక్కకి పోయింది. ట్యాంకు ఎక్కడ పెట్టాలో ఎప్పటి నుంచో తెలిసిన విద్యే, చెయ్యలేదంతే.

మళ్ళీ నా గొట్టాల దగ్గరకి. ముందు ఒక పెద్ద షెడ్డుకి ఫోను చేశాను. మోడల్ ఏ సంవత్సరం అన్నారు, చెప్పాను. అంత పాతవి మేం ముట్టుకోము అన్నారు. ఇంకోచోట, ట్యాంకు దించడానికి గంటకి ఇంత, బోల్టు విరిగితే ఇంకో గంటకి అంత, మొత్తం ఎంతవుతుందో మేమే చెప్పలేము అన్నారు. కనీసం వాడు నిజం చెప్పాడు. ఇలా అయితే మనమే చేసుకుందామని పాత మాన్యువల్ దుమ్ము దులిపాను. హేన్స్ వాళ్ళ పుస్తకం, పేజీల నిండా నా గ్రీజు వేలిముద్రలు. మా వాడు వీడియో పంపాడు. అందులో కుర్రాడు పరిచయానికి, సబ్‌స్క్రయిబ్ చెయ్యమనడానికి, టోపీ సర్దుకోవడానికి సగం వీడియో తిని, గొట్టం దగ్గరికి వచ్చేసరికి "మిగతాది తేలికే" అన్నాడు.

ఈ పనికి ట్యాంకు దించడం కంటే బెడ్ ఎత్తడమే సుఖం. ట్యాంకుని పట్టి ఉంచే పట్టీల బోల్టులు తుప్పుకి విరిగితే ట్యాంకు కింద పడుకుని ఉన్నవాడి గతేమిటి? బెడ్ ఎత్తితే గొట్టాలు, పంపులు, వైర్లు అన్నీ పళ్ళెంలో పెట్టినట్టు కనబడతాయి. అయితే బెడ్ బోల్టులు కూడా ఆ ఉప్పు తిన్నవే. రోజూ రాత్రి తుప్పు వదిలే నూనె కొట్టి, పొద్దున రెంచికి పొడుగాటి ఇనుప గొట్టం తొడిగి, కొంచెం వదులు, కొంచెం బిగువు, మళ్ళీ కొంచెం వదులు. ఒకేసారి లాగితే తల తెగుతుంది. గ్యాస్ మంటతో వేడి చేస్తే ఇట్టే వస్తుందని ఒకాయన సలహా ఇచ్చాడు. పక్కనే పెట్రోలు ట్యాంకు పెట్టుకుని! ఆ సలహా ఇచ్చినాయన ఎంటెక్ చదివాడు.

ఎత్తడానికి నలుగురు కావాలి. మా రోజుల్లో వీధిలో బెడ్ విప్పుతున్న చప్పుడు వినబడితే పక్కింటి తెల్లాయన చేతిలో కాఫీ కప్పుతో వచ్చేసేవాడు. ఆయన జీవితమంతా టూల్ అండ్ డై షాపులో పనిచేశాడు. వెనకే ఇంకొకాయన. ఎవరినీ పిలవక్కర్లేదు, సలహాలు మాత్రం భరించాలి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో అడిగితే తొమ్మిదిమంది బొటనవేలు బొమ్మలు పెట్టారు, ముగ్గురొచ్చారు. అందులో ఒకాయన నడుం బెల్టు పెట్టుకొచ్చి, అది చూపించి కుర్చీలో కూర్చున్నాడు. మా వాడు మాత్రం వచ్చాడు, చొక్కా మాసిపోతుందని పాత టీషర్టు వేసుకుని మరీ. వాణ్ణి ఇంక తిట్టను.

పెట్రోలు పని అంటే ముందు గరాజులోంచి బండి బయటికి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకుతుంది, గరాజులో ఉన్న వాటర్ హీటరు పొయ్యిని వెతుక్కుంటూ పోతుంది. అందుకే అమెరికాలో గరాజు హీటరు మంట నేల నుంచి 18 అంగుళాలు ఎత్తులో ఉండాలని నిబంధన పెట్టారు. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదియ్యాలి. అంతకంటే ముందు, ఇంజను నడుస్తుండగా పంపు రిలే పీకితే మిగిలిన పెట్రోలు తాగి అదే ఆగిపోతుంది. అప్పటికీ ఇంజను దగ్గర టైరు వాల్వు లాంటి చిన్న వాల్వు ఉంటుంది, గుడ్డ చుట్టి దాన్ని నొక్కితే మిగతాది బుస్సుమంటుంది. కళ్ళద్దాలు ఉండాల్సిందే. తీగ చివర గాజు బల్బు పెట్టుకుని కింద దూరడం మా రోజుల అలవాటు. వేడి బల్బు మీద పెట్రోలు చుక్క పడితే బల్బు పగులుతుంది, ఆపైన చెప్పేదేముంది. ఎల్ఈడీ దీపాలు కనిపెట్టినవాడికి దణ్ణం.

రెండోది ఒప్పుకుంటానన్నాను కదా. అది నికెలు కలిపిన రాగి గొట్టం. నూటికి తొంభై పాళ్ళు రాగి, పది పాళ్ళు నికెలు. స్వీడన్‌లో వోల్వో వాళ్ళు 1970లలోనే బ్రేకు గొట్టాలకి వాడారు. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, వంచితే నొక్కుకుపోదు. పాతిక అడుగుల చుట్ట కొని, పాత గొట్టం వంపుల్ని నేల మీద పెట్టి చూసుకుంటూ అలాగే వంచుకున్నాను. ఉక్కుతో ఆ పని చెయ్యాలంటే బెండరు పెట్టి ఒక్కో వంపుకీ కుస్తీ పట్టాలి. నేను బిడ్డలా చూసుకున్న పాత ఉక్కు గొట్టం కంటే ఇది మంచిదని చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ మంచిదే.

కొసలు విప్పార్చడం దగ్గర మాత్రం వయసుకి పని దొరికింది. గొట్టాన్ని రంపంతో కొయ్యకూడదు, చుట్టూ తిరిగే కట్టరుతో కొంచెం కొంచెం బిగిస్తూ కొయ్యాలి. కోశాక లోపలి అంచున మిగిలే పదునుని గీకెయ్యాలి, లేకపోతే ఆ రజను ఇంజెక్టర్లలోకి పోతుంది. కొసని చదునుగా ఆకురాయి పట్టాలి. నట్టుని ముందే గొట్టానికి ఎక్కించాలి. మా వాడు ఎక్కించకుండా మొదలెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. తర్వాత గొట్టాన్ని పట్టులో బిగించి, అచ్చుదిమ్మె మెట్టు ఎంత ఎత్తుందో కొస అంతే బయటికి ఉంచాలి. దిమ్మెని నొక్కితే కొస లోపలికి ముడుచుకుని చిన్న ఉల్లిగడ్డలా అవుతుంది. దిమ్మె తీసేసి శంకువుతో మళ్ళీ నొక్కితే ఆ ముడత లోపలికి పడి, రెండు పొరల గరాటా వస్తుంది. అంచు చుట్టూ ఒకే మందం ఉండాలి, ఎక్కడా వెంట్రుకవాసి చీలిక ఉండకూడదు. భూతద్దం పెట్టి చూసి, నచ్చకపోతే కోసి పారేసి మళ్ళీ చేశాం. మా వాడిది మూడోది బాగా వచ్చింది. ఫోటో తీసి ఆఫీసు వాళ్ళకి పంపుకున్నాడు.

పోయింది వెనక ట్యాంకు గొట్టాలు మాత్రమే. అయినా ముందు ట్యాంకువి కూడా మార్చాం, పోయే గొట్టం, వచ్చే గొట్టం రెండూ. ట్యాంకు దగ్గర నైలాను ముక్కల్ని పట్టి ఉంచే బాతుముక్కు క్లిప్పులు పాతబడి ముట్టుకుంటేనే విరుగుతాయి, అన్నీ కొత్తవి వేశాం. ఫిల్టరు కొత్తది. ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పులు కూడా నీళ్ళు నిలవని రకం చూసి తెచ్చాను. "ఇదంతా అవసరమా బాబాయ్, ముందువి బాగానే ఉన్నాయిగా" అన్నాడు మా వాడు. ముందు గొట్టం మీది క్లిప్పు ఒకటి ఊడదీసి వాడి చేతికిచ్చాను. గోటితో గీకి చూసి ఇంకేమీ అనలేదు.

బెడ్ మళ్ళీ కూర్చోబెట్టే ముందే పరీక్ష. తాళం తిప్పి ఇంజను పట్టించకుండా ఆపితే పంపు ఒకటి రెండు క్షణాలు గుర్రుమని ఆగుతుంది. అలా నాలుగైదుసార్లు, ఫ్రంట్‌లో పెట్టి, రియర్‌లో పెట్టి. ప్రతి కీలుకీ పొడి కాగితం చుట్టి, తీసి చూశాం. ఎక్కడా తడి లేదు. తర్వాత ఇంజను పట్టించి, నడుస్తుండగానే మీట ఇటు నుంచి అటు మార్చాను. ఇంజను తడబడలేదు.

రెండు ట్యాంకులూ నింపుదామని బంకుకి వెళ్ళాను. రెండు మూతలూ డ్రైవరు వైపే, కాబట్టి ముందుది నిండగానే గొట్టం పంపుకి తగిలించకుండా అలాగే వెనకదానికి మార్చుకోవచ్చు. మా రోజుల్లో బంకు కుర్రాడే వచ్చి రెండూ నింపి, అద్దం తుడిచి, ఆయిల్ చూసి వెళ్ళేవాడు. ఇప్పుడు వెనక ట్యాంకు సగంలో ఉండగా పంపు ఆగిపోయింది. ఏమిటా అని చూస్తే, కార్డు మీద ఒక్కసారికి ఇంతే పొయ్యాలని పరిమితి అట. అమెరికాలో ఎవరికీ అంత పెద్ద ట్యాంకు ఉండదని లెక్క వేసుకున్నారు కాబోలు. కొత్త పికప్పులకి 36 గ్యాలన్ల ఒకే ట్యాంకు కూడా ఇస్తున్నారని ఆ పరిమితి పెట్టినవాడికి ఎవరైనా చెప్పండి. లోపలికి వెళ్ళి అడిగితే అక్కడి అమ్మాయి, "మళ్ళీ కార్డు పెట్టండి అంకుల్, రెండో బండి అనుకుంటుంది" అంది. మళ్ళీ పెట్టాను. పిన్‌కోడ్ అడిగింది, లాయల్టీ నంబరు అడిగింది, కార్ వాష్ కావాలా అని అడిగింది. అన్నింటికీ జవాబు చెప్పాక, రసీదు కాగితం అయిపోయింది, లోపల తీసుకోమంది.